ఆస్పత్రి గేటు, ధర్నా టెంటు

శ్రీకాకుళం కోర్టులో నేను ఎక్కువగా వాదించేది ధర్నాలు చేసి కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల తరఫున. అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు, ఆశా కార్యకర్తలు, తీరంలో కంపెనీ వద్దన్న మత్స్యకారులు, బీల (చిత్తడి) భూములు పోతాయని రోడ్డెక్కిన రైతులు. ‘అనుమతి లేకుండా గుమిగూడి, రాకపోకలకు అంతరాయం కలిగించి’ అని సాగే ఎఫ్ఐఆర్ వాక్యాలు నాకు కంఠతా వచ్చు. అలాంటిదాన్ని, ఒకరోజు గేటు ముందు బైఠాయించినవాళ్లను లేపించండి బాబూ అని నేనే ఎస్సైని అడగాల్సి వచ్చింది.

ఆ గేటు ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌ది. ఊరు, పేరు వద్దు. వచ్చిన అమ్మాయిది ఉద్దానం వైపు జీడితోటల పల్లె. ఇద్దరు పిల్లలు. మొగుడు చెన్నైలో బిల్డింగు పనికి వెళ్లి సంక్రాంతికి వస్తాడు, మళ్లీ పోతాడు. మూడోసారి నెల తప్పింది. తొమ్మిదో వారం. వద్దనుకుంది. తల్లిని తోడు తీసుకుని ఆస్పత్రికి వచ్చేసరికి అత్తగారూ, మరిదీ, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులూ, నలుగురైదుగురు ఆడవాళ్లూ ముందే వచ్చి గేటు మెట్లమీద కూర్చున్నారు. ‘మా వంశాన్ని సంపేత్తంది’ అని అత్తగారు గుండెలు బాదుకుంటోంది. మరిది సెల్‌ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. లోపలున్న డాక్టరమ్మ కిటికీలోంచి చూసి, గొడవ సద్దుమణిగాక రండి, వచ్చేటప్పుడు మీ ఆయన సంతకం తెండి అని కబురంపింది.

అమ్మాయి నాకు ఫోన్ చేసి అడిగిన మాట ఇది: “నానేటి దొంగతనం సేసినానా అమ్మా? ఆస్పత్రికి ఎల్తే గేటు కాడ కూకున్నారు.”

ఎస్సై వచ్చాడు. కుర్రాడు, మర్యాదస్తుడు. “ఫ్యామిలీ మేటర్ కదా మేడం, ఊళ్లో కూర్చుని మాట్లాడుకుంటే పోదా?” అన్నాడు. పైగా నన్ను ఎరిగినవాడు కాబట్టి చిన్న చురక కూడా వేశాడు: “ధర్నా చేసుకోవడం హక్కని మీరే అంటారుగా!”

ఆ చురక నాకు తగిలింది. జవాబు అప్పుడు రెండు ముక్కల్లో చెప్పి వచ్చాను. ఇక్కడ వివరంగా చెప్తాను.

ముందు ఆ డాక్టరమ్మ మాట తేల్చేద్దాం. మొగుడి సంతకం తెమ్మని ఏ చట్టంలోనూ లేదు. మన దేశంలో గర్భస్రావం చట్టం 1971 నాటిది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని మూడో సెక్షన్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషికి ఆమె సమ్మతి ఒక్కటే చాలని ఉంది. మైనర్లకూ, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకూ మాత్రమే సంరక్షకుల సంతకం కావాలి. ఆ సమ్మతి పత్రం పేరు ఫారం-సి. ఒక్క కాగితం. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య, నిబంధనల్లో చెప్పిన కొన్ని వర్గాల వాళ్లకు, ఇద్దరు డాక్టర్లు కావాలి. 24 దాటితే పిండంలో తీవ్రమైన లోపాలున్నాయని మెడికల్ బోర్డు తేల్చాలి. ప్రాణాపాయమైతే ఈ వారాల లెక్కలేవీ అడ్డురావు. అదే సవరణలో ‘వివాహిత, ఆమె భర్త’ అన్న చోట ‘మహిళ, ఆమె భాగస్వామి’ అని మార్చారు. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టులో జస్టిస్ చంద్రచూడ్ బెంచి, పెళ్లికాని ఆడపిల్లనూ పెళ్లయినవాళ్లతో సమానంగానే చూడాలని తీర్పు చెప్పింది. కుటుంబం సమ్మతి తెమ్మనడం, లేని కాగితాలు అడగడం వంటి, చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదనీ అందులో ఉంది.

అయినా పెడతారు. భయం. రేపు మొగుడొచ్చి అద్దాలు పగలగొడితే ఎవరు దిక్కు? ఆడపిల్లని తెలిసి తీయించారని లింగనిర్ధారణ కేసు పెడితే? డాక్టర్లమీద నాకు పీకలదాకా కోపం ఉన్నా, ఈ భయం ఉత్తుత్తిది కాదని ఒప్పుకోక తప్పదు.

ఇప్పుడు గేటు సంగతి. మన దగ్గర ప్లకార్డులు పట్టుకుని గర్భస్రావ కేంద్రాల ముందు రోజూ నిలబడే జనం లేరు. 2022 ఆగస్టు 10న ఢిల్లీలో కేథలిక్ సంఘాలవాళ్లు గర్భస్రావం చట్టానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. అది వాళ్ల హక్కు. ఊరేగారు, చెప్పాల్సింది చెప్పారు, వెళ్లారు. ఏ రోగి దారీ ఆపలేదు. కానీ అమెరికాలో ఇదే పెద్ద తగువు. దాని రుచి మా ఇంటికీ తగిలింది.

మా చెల్లెలి కూతురు నార్త్ కరోలినాలో షార్లెట్‌లో ఉంటుంది. కడుపులో బిడ్డ గుండె ఆగిపోయిందని స్కానులో తెలిసింది. శుభ్రం చేయించుకోవడానికి క్లినిక్కి వెళ్తే, కారు దిగేచోట మైకు పట్టుకున్న ఒకాయన ‘అమ్మా, నీ బిడ్డను చంపుకోకు’ అని అరిచాడట. ఆ రాత్రి ఫోన్లో “పెద్దమ్మా, ఆ బిడ్డ కావాలని రెండేళ్లు మందులు మింగాను, వాడికేం తెలుసు?” అని ఏడ్చింది. మర్నాడు కాస్త తేరుకున్నాక ఇంకో సంగతి చెప్పింది. అదే గేటు దగ్గర ఒక ముసలావిడ నిలబడి ఉందట. ఏమీ అరవలేదు, చేతిలో కరపత్రం, మొహంలో జాలి. “ఆవిడమీద కోపం రాలేదు పెద్దమ్మా. దారి వదిలింది.”

ఈ ఇద్దరి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అక్కడి కోర్టుల ముప్ఫై ఏళ్ల తలనొప్పి. 1993 మార్చిలో ఫ్లోరిడాలోని పెన్సకోలాలో డేవిడ్ గన్ అనే డాక్టరును క్లినిక్ బయటే కాల్చి చంపారు. క్లినిక్కుల తలుపులకు అడ్డంగా పడుకోవడం, గొలుసులతో కట్టేసుకోవడం అప్పటికే మామూలైపోయింది. 1994 మేలో క్లింటన్ సంతకంతో ఒక సమాఖ్య చట్టం వచ్చింది. బలప్రయోగం చేసినా, బెదిరించినా, ఒంటితో దారికి అడ్డం పడినా నేరం. నినాదం నేరం కాదు, ప్లకార్డు నేరం కాదు, ప్రార్థన నేరం కాదు. ఆ చట్టం గర్భస్రావం వద్దని నచ్చజెప్పే కేంద్రాలనూ, చర్చిలనూ గుళ్లనూ కూడా అదే వాక్యాల్లో కాపాడుతుంది. చట్టం రాసినవాళ్లు అభిప్రాయాన్ని వదిలేసి పనిని పట్టుకున్నారు. లాయరుగా నాకు ఈ పద్ధతి నచ్చింది. కానీ చట్టం పుస్తకంలో ఉండటం వేరు, అమలు వేరు. ఈ చట్టం కింద శిక్షపడిన 23 మందికి 2025 జనవరిలో ట్రంప్ క్షమాభిక్ష పెట్టేశాడు.

రాష్ట్రాలు ఇంకో అడుగు ముందుకేసి కొలతలు మొదలుపెట్టాయి. కొలరాడోలో ఆస్పత్రి తలుపుకి వంద అడుగుల లోపల ఎవరైనా అవతలి మనిషి ఒప్పుకోకుండా ఎనిమిది అడుగుల కంటే దగ్గరికి వెళ్లి కరపత్రం ఇవ్వకూడదు, బోధ చేయకూడదు. 2000లో అమెరికా సుప్రీంకోర్టు ఆరుగురికి ముగ్గురి తేడాతో దీన్ని నిలబెట్టింది. మసాచుసెట్స్‌వాళ్లు ఇంకా తేలిక దారి చూసుకున్నారు. గేటు చుట్టూ 35 అడుగుల గీత గీసి, దాని లోపల నిలబడటానికే వీల్లేదన్నారు. డెబ్బై దాటిన ఎలినార్ మెకల్లెన్ అనే బోస్టన్ ముసలావిడ కోర్టుకెక్కింది. నేను అరవను, ఎవర్నీ ఆపను, మెల్లగా పక్కన నడుస్తూ మాట్లాడతాను, ఆ గీత వల్ల ఇప్పుడు నేనూ అరవాల్సొస్తోంది అన్నది ఆవిడ వాదన సారం. 2014 జూన్‌లో తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కటై ఆ చట్టాన్ని కొట్టేశారు. అడ్డుపడేవాణ్ని పట్టుకోవడానికి వేరే సెక్షన్లు ఉండగా అందరి నోరూ కుట్టేయడం ఎందుకన్నారు. మా చెల్లెలి కూతురు చూసిన ముసలావిడ లాంటిదే ఈ మెకల్లెన్. ఈ తీర్పు ఆడవాళ్లకు అన్యాయం చేసిందని నా స్నేహితురాళ్లు కొందరు అంటారు. నేను ఆ మాట అనను.

ఇంగ్లండ్ ఇంకో వైపు నడిచింది. అక్కడ 2024 అక్టోబరు 31 నుంచి గర్భస్రావ కేంద్రాల చుట్టూ 150 మీటర్లు రక్షిత ప్రాంతం. స్కాట్లండ్‌లో 200. సవితా హలప్పనవార్ గుర్తుందా? గర్భస్రావం చేయడానికి గాల్వే ఆస్పత్రిలో ఒప్పుకోకపోతే 2012లో రక్తంలో విషం ఎక్కి చనిపోయిన మన దేశపు దంతవైద్యురాలు. ఆ ఐర్లండ్‌లోనూ 2024లో 100 మీటర్ల చట్టం వచ్చింది. ఆ గీతల లోపల అడ్డుపడటమే కాదు, రోగి మనసు మార్చాలని చూడటం కూడా నేరం. అక్కడే నాకు గొంతులో ముల్లు దిగింది. బోర్న్‌మత్ అనే ఊళ్లో, ఈ జాతీయ చట్టం రాకముందే, స్థానిక ఉత్తర్వు కింద ఒక మాజీ సైనికుడిమీద కేసు పెట్టారు. రోడ్డుపక్కన తల వంచుకుని మనసులో ప్రార్థన చేసుకున్నాడు, కదలమంటే కదల్లేదు. 2024లో దోషిగా తేల్చారు. ఇలాంటి అధికారం మన దగ్గర ఎవరి చేతికొస్తుంది? ఎస్సై చేతికి. మౌనంగా నిలబడ్డవాడి మనసులో ఏముందో తేల్చే పని మన సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కి అప్పగిద్దామా?

సిక్కోలు మనుషులకు ఈ ప్రశ్న విడమరిచి చెప్పక్కర్లేదు. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్లమీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. బీలలో ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దుచేసింది కూడా అదే రోజు. మరుసటేడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. ఊరికి బయటివాడు ‘గుంపు’ అని రాసుకున్నది, లోపలివాళ్లకు తమ చేపలూ పొలాలూ కాపాడుకోవడం.

మన రాష్ట్రంలో ఏ ఊళ్లో అడిగినా ‘ముప్ఫై యాక్టు అమల్లో ఉంది’ అనే మాట వినిపిస్తుంది. 1861 నాటి పోలీసు చట్టంలో 30వ సెక్షన్ అది. ఊరేగింపుల్ని అదుపుచేయడానికి తెల్లదొర రాసిపెట్టుకున్నది. 2022 డిసెంబరు 28న కందుకూరు సభలో తొక్కిసలాటకు 8 మంది, నాలుగు రోజులకే గుంటూరులో ముగ్గురు చనిపోయారు. వెంటనే 2023 జనవరి 2న జీవో నంబర్ 1 వచ్చింది. అరుదైన సందర్భాల్లో తప్ప రోడ్లమీద సభలకు ఇక అనుమతులు ఇవ్వబోమని దాని సారం. కారణం నిజమే, జనం చచ్చిపోయారు. కానీ మందు మోతాదు మించింది. మే 12న హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్ కుమార్ మిశ్రా, జస్టిస్ సోమయాజులు బెంచి దాన్ని కొట్టేసింది. రోడ్డుమీద సభను ప్రభుత్వం క్రమబద్ధం చేయొచ్చు గానీ మొత్తానికే మూసెయ్యకూడదని 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020లో షహీన్‌బాగ్ కేసులో అదే కోర్టు ఇంకో వైపు చూసి, రోడ్డును ఎడతెగకుండా ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదంది. రెండూ కలిపి చదవాలి. మాట్లాడు, కానీ అవతలివాడి దారి మింగేయకు.

అందుకే ఆస్పత్రి గేట్ల చుట్టూ 150 మీటర్ల గీత గీయండని నేను అడగను. అడిగితే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ గీత మొదట పడేది ఆశా కార్యకర్తల ధర్నామీద. తర్వాత, జీతాలు రాలేదని పెద్దాస్పత్రి ముందు కూర్చునే కాంట్రాక్టు స్వీపర్లమీద. ఆ తర్వాత, కాన్పులో కూతురు పోయిందని గేటు దగ్గర న్యాయం అడిగే తండ్రిమీద. 2023 డిసెంబరులో మొదలై 42 రోజులు సమ్మె చేసిన అంగన్‌వాడీలమీద ఎస్మా ప్రయోగించిన రాష్ట్రం మనది. అత్తగారిమీద ఆ గీత ఎప్పుడు పడుతుందో నేను చెప్పలేను. ఆవిడ వెనక పెద్దమనుషులున్నారు కదా.

మరి ఉన్న చట్టంతో ఆ రోజు ఏం చేశాను? భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్ చూపించాను. ఒక మనిషికి వెళ్లే హక్కున్న దిక్కున వెళ్లనీయకుండా అడ్డుపడటం నేరం. నెలదాకా జైలు, 5 వేలదాకా జరిమానా, లేదా రెండూ. చిన్న శిక్షే. కానీ గేటు మెట్లు ఖాళీ చేయించడానికి చాలింది. 79వ సెక్షన్, ఆడమనిషిని అవమానించేందుకు అనే మాట, చేసే సైగ, ఆమె ఏకాంతంలోకి చొరబడటం, దాని పేరెత్తేసరికి మరిది ఫోను జేబులో పెట్టుకున్నాడు. రోడ్డవతల చింతచెట్టు కింద కూర్చుని ఏమన్నా అనుకోండి, నేను కాదనను అని అత్తగారికి చెప్పాను. ఆవిడ నిజంగానే వెళ్లి కూర్చుంది. అక్కణ్నుంచి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అది ఆవిడ వాక్ స్వాతంత్ర్యం.

గేటు తెరుచుకున్నా డాక్టరమ్మ ఒప్పుకోలేదు. వారం తర్వాత వేరేచోట పని జరిగింది. పదో వారం. ఆ వారంలో అమ్మాయి ఇంట్లో ఏం పడిందో ఆమె చెప్పింది, నేను రాయను.

ఈ మధ్యలో ఒక సందు ఉంది. మన రాష్ట్రంలో 2008 నుంచి ఆస్పత్రులమీద దాడుల నిరోధక చట్టం ఉంది. డాక్టరుకీ, నర్సుకీ, వార్డుబాయికీ విధుల్లో అడ్డుపడినా, బెదిరించినా మూడేళ్లదాకా జైలు, 50 వేలదాకా జరిమానా, బెయిలు దొరకని కేసు. పగలగొట్టిన సామానుకు రెట్టింపు కట్టాలి. బాగుంది. ఎవరికోసం ఆస్పత్రి ఉందో ఆ రోగి మాత్రం ఇందులో లేదు. లోపలున్న డాక్టరమ్మకు రక్షణ ఉంది, మెట్లకింద నిలబడ్డ అమ్మాయికి లేదు. ఇంకోటి. 2021 సవరణతో వచ్చిన 5ఎ సెక్షన్ ప్రకారం గర్భస్రావం చేయించుకున్న మహిళ పేరు, వివరాలు డాక్టరు బయటపెడితే ఏడాదిదాకా జైలు. డాక్టరు నోటికి తాళం ఉంది, మరిది కెమెరాకు లేదు. శబ్ద కాలుష్య నిబంధనల్లో ఆస్పత్రుల చుట్టూ కనీసం 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. అక్కడ మైకు పెట్టకూడదు, డప్పు కొట్టకూడదు. గుండెలు బాదుకోవచ్చు.

అసెంబ్లీని నేను అడిగేది చిన్న సవరణ. 2008 చట్టంలో ‘వైద్య సిబ్బంది’ అన్నచోట ‘రోగి, ఆమెతో వచ్చినవాళ్లు’ అని చేర్చండి. ఒంటితో అడ్డుపడటం, బెదిరించడం, ఆమె ఒప్పుకోకుండా ఫొటో తీసి పంచడం, ఈ మూడే నేరాలు. నినాదం జోలికి పోవద్దు, ప్లకార్డు జోలికి పోవద్దు, కొలతల గీతలు వద్దు. ధర్నావాళ్ల డిమాండు జీతాలగురించైనా, దేవుడిగురించైనా, గర్భస్రావంగురించైనా చట్టానికి తేడా ఉండకూడదు. విజయనగరం ఘోషాస్పత్రి ముందు నర్సులు టెంటు వేసినా, పక్కనే దారి ఉంటే చాలు.

మైనరు పిల్లల సంగతి ఇంకా చిక్కుముడి. సీతంపేట ఏజెన్సీ నుంచి పదిహేడేళ్ల పిల్ల వస్తే డాక్టరు పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పాల్సిందే. చెబుతారని భయపడి పిల్ల నాటుమందు మింగుతుంది. 2022 తీర్పులో సుప్రీంకోర్టు దీనికి విరుగుడు చెప్పింది. పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తింపు వివరాలు డాక్టరు రాయక్కర్లేదు. ఈ ముక్క తెలిసిన పీహెచ్‌సీ సిబ్బంది నాకు అరుదుగా ఎదురయ్యారు.

ఆడమనిషి ఒంటిమీద హక్కు ఆమెదేనని ఢిల్లీ చెప్పకముందే మన హైకోర్టు చెప్పింది. 1983లో నటి సరిత కేసులో జస్టిస్ పి.ఎ. చౌదరి, భార్యను బలవంతంగా కాపురానికి పంపే హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్‌ను కొట్టేశారు. బిడ్డను ఎప్పుడు కనాలి, కనాలా వద్దా అన్నది ఆమె ఏకాంత హక్కులో భాగమని అందులో రాశారు. మరుసటేడు సుప్రీంకోర్టు ఆ తీర్పును కాదంది, ఆ సెక్షన్ ఇవాళ్టికీ బతికే ఉంది. కానీ ఆయన చెప్పిన ఏకాంత హక్కును 2017లో తొమ్మిదిమంది జడ్జీలు రాజ్యాంగ హక్కుగా నిలబెట్టారు.

చదువుతున్న అమ్మలకూ అప్పలకూ ఒక మాట. ఆస్పత్రిలో మొగుడి సంతకం అడిగితే, గేటు దగ్గర ఎవరైనా ఆపితే, ‘ఏ సెక్షన్ ప్రకారం?’ అని అడగండి. జవాబు రాకపోతే 15100కి ఫోన్ చేయండి. అది న్యాయసేవల హెల్ప్‌లైన్. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే ఉచితంగా లాయరును పెట్టాలని 1987 న్యాయసేవల చట్టం పన్నెండో సెక్షన్ చెబుతోంది.